నీళ్ళు వద్దన్న మొక్క

నాతో పాటు మియాపూర్ ఫ్లాట్‌లో ఉన్న కరీంనగర్ అమ్మాయికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. వెళ్ళేటప్పుడు తన ఆఫీసు టేబుల్ మీది సక్యులెంట్ మొక్కను నా చేతిలో పెట్టింది. పిడికెడంత మొక్క, పువ్వులా విచ్చుకున్న దళసరి ఆకులు, తెల్లటి పింగాణీ కప్పు. "జర మంచిగ చూస్కోవే. ఇది సచ్చిపోతే నీతోని మాట్లాడ" అంది. నవ్వుతూనే అంది. నేను మాత్రం ఆ మాట నిజంగానే పట్టుకున్నాను.

తను వెళ్ళాక ఆ ఇంట్లో ప్రాణమున్నవాళ్ళం మేమిద్దరమే. బల్లుల్ని లెక్కలో కలపను.

మా అనంతపురం వైపు ఇంటికి ఎవరొచ్చినా ముందు చెంబుతో నీళ్ళిస్తాం. నీళ్ళకు కరువైన ఊళ్ళు కదా, మర్యాదంటే మాకు అదే. ఎందుకొచ్చారని అడిగేది ఆ తర్వాతే. ఇక్కడ నా ఇంటికి వచ్చేదెవరు? డెలివరీ వాళ్ళు కూడా గుమ్మంలో పెట్టి, ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు. అందుకని హైదరాబాద్ రాయదుర్గంలో ఆఫీసు ముగించుకుని, ట్రాఫిక్‌లో నలిగి ఇంటికి రాగానే గ్లాసుతో నీళ్ళు తెచ్చి మొక్కకు పోసేదాన్ని. పోస్తూ ఆ రోజు సంగతులన్నీ చెప్పేదాన్ని. మా మేనేజర్‌ని నేను తిట్టిన తిట్లు దానికి తెలిసినన్ని ఇంకెవరికీ తెలియవు.

కొన్నాళ్ళకు కింది ఆకులు పాలిపోయాయి. దాహమేమో అనుకుని పొద్దున కూడా పోశాను. ఆకులు నానిన ద్రాక్షల్లా మెత్తబడి, వేలు తగిలితే చాలు రాలిపోసాగాయి. ఒక ఆదివారం వంగి చూస్తే పాచిపోయిన అన్నం వాసన. కప్పు బోర్లించి మొక్కను బయటికి తీశాను. మట్టంతా బురద. వేర్లు నల్లబడి, పట్టుకుంటే ఊడొచ్చాయి. కప్పు అడుగున చిల్లే లేదు. లాప్‌టాప్ పక్కన పెట్టుకునేది కదా, నీరు కారకూడదని అలా చేస్తారు కాబోలు. నేను పోసిందంతా లోపలే ఉండిపోయింది.

ఫోన్‌లో వీడియోలు చూసి, కూరగాయల కత్తి కడిగి, కాండాన్ని కింది నుంచి కోస్తూ పోయాను. కోసిన చోట గోధుమరంగు మచ్చ కనిపిస్తే ఇంకాస్త పైకి. చివరికి పచ్చగా, శుభ్రంగా ఉన్న చిన్న ముక్క మిగిలింది, దాని నెత్తిన నాలుగు ఆకులు. కోత ఎండేదాకా మట్టి వద్దు, నీళ్ళు అసలే వద్దు అని అన్ని వీడియోల్లోనూ అదే మాట. కిటికీ దగ్గర పళ్ళెంలో పెట్టాను.

ఇక రోజూ ఇంటికి రావడం, దాన్ని చూడటం, ఏమీ చేయకుండా ఊరుకోవడం. ఇంత కష్టమైన పని ఆఫీసులో కూడా ఎవరూ నాకివ్వలేదు. చేతిలో నీళ్ళు లేకపోతే దానితో ఏం మాట్లాడాలో తోచేది కాదు. ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంట్లో ఏమీ వినిపించేది కాదు. నేను ఎంత ఒంటరిదాన్నో అప్పుడే సరిగ్గా తెలిసింది, ఏడుపొచ్చింది.

కోత మానింది. చిల్లున్న మట్టి కుండీలో, ఇసుక కలిపిన పొడి మట్టిలో నిలబెట్టాను. ఒక సాయంత్రం మెల్లగా కదిపి చూస్తే కదల్లేదు. వేరు పట్టింది. మధ్యలో గోరంత కొత్త ఆకు. సంతోషం పట్టలేక ఫోటో తీసి, "బతికింది!" అని బెంగళూరుకు పంపాను.

చాలాసేపటికి జవాబొచ్చింది. "మస్తుందే. ఏం చెట్టు అది? కొత్తగ కొన్నవా?"

నీదే అని రాయబోయి చెరిపేశాను. "అవును" అని పంపాను.

వంటింట్లోకి వెళ్ళి, అలవాటుగా గ్లాసు నిండా నీళ్ళు పట్టుకొచ్చాను. మొక్కకు ఇంకా వద్దు. ఇంటికొచ్చిన మనిషిని నేనే కదా. దాని పక్కన కూర్చుని, మెల్లగా, మొత్తం నేనే తాగాను.