రెండు గజాలు ఇటు

టాంటా జాతరకు పడవ ఉయ్యాలలు తెచ్చిన మొదటివాడు మా తాత. వాటికి రంగులు వేయించిన మొదటివాణ్ణి నేను. ఎరుపూ పసుపూ పట్టీలు, ముక్కు దగ్గర ఒక కన్ను. దీపాల దండలు కట్టించిందీ నేనే. నలభై ఒక్క జాతరల్లో నా పడవలోంచి ఒక్క పిల్ల కిందపడలేదు. ఈ మిత్వల్లీ చదివింది పల్లెటూరి మసీదు బడిలో నాలుగేళ్ళే. అయినా మైదానంలో తగవొస్తే కాలేజీ చదువుల వాళ్ళు కూడా "మిత్వల్లీ ఉస్తాని పిలవండి" అనేవారు. పనిలో ఆరితేరిన పెద్దవాణ్ణే మా వైపు ఉస్తా అంటారు.

తాత కాలంలో ఉయ్యాలలు ఒంటెల మీద వచ్చేవి, నాన్న కాలంలో గాడిద బళ్ళ మీద, నా కాలంలో లారీలో. ప్రత్తి తీత అయ్యాక టాంటాలో ఎనిమిది రోజులు, ఆ వెంటనే దెసూక్ జాతర, తర్వాత చిన్న ఊళ్ళు. ఏడాదంతా తిరిగే మాకు సొంత నేల అంటే టాంటా మైదానంలో మా స్థలమే. దర్గా దారి మైదానంలోకి దిగేచోట, కుడివైపు మొదటిది. హల్వా పొట్లాలూ వేయించిన శనగలూ పట్టుకొచ్చే జనానికి మొదట కనబడేది నా పడవల కళ్ళే.

ఆ నేలకు కాగితం లేదు. అక్కడ ఎవరి నేలకీ లేదు. ఆఖరి రోజు ఊరేగింపు వెళ్ళిపోయాక ప్రతివాడూ తన గుర్తు కొట్టిన ఇనప మేకును తన స్థలంలో మూరెడు లోతున పాతి మట్టి కప్పుతాడు. మరుసటేడు అది దొరికితే ఆ చోటు అతనిదే. దొరక్కపోతే మిగిలిన చోటు తీసుకోవాలి. మేకు ఎక్కడుందో చూపాల్సింది మాత్రం సొంతదారు కాదు, అతని జంట పొరుగువాడు. ఈ కట్టుబాటు పెట్టించింది నేనే. పాతికేళ్ళ కింద దొంగ మేకులు పాతుకుని జనం తలలు పగలగొట్టుకుంటే, "ఎవడి నేల గురించి వాడు నోరెత్తకూడదు, పొరుగువాడు చూపిన చోటే తవ్వాలి" అని పెద్దల ముందు నిలబడి చెప్పాను. ఆ తర్వాత మైదానంలో రక్తం కారలేదు.

నా జంట షహాతా. గాలి తుపాకులతో గాజు బుడ్లు కొట్టించే దుకాణం అతనిది. ముప్పై ఏళ్ళ పొరుగు. ఒక ఏడు ఆ దుకాణం తగలబడితే నా పడవలు రెండు విప్పేసి ఆ చెక్కలతో మళ్ళీ నిలబెట్టాను.

నిరుడు ఆఖరి రోజు నేను మేకు పాతబోతుంటే వచ్చాడు.

"ఉస్తా, ఈ మూల నీళ్ళ గొట్టం వేస్తారంట. తవ్వారంటే నీ మేకు గల్లంతే. రెండు గజాలు ఇటు జరుపు."

"కొత్త చోటు హాజీ బయ్యూమీకి ఒకసారి చూపిద్దామా?" అన్నాను. మైదానం పెద్ద ఆయన.

"మోకాళ్ళ నొప్పుల మనిషిని ఇంత దూరం ఈడుస్తావా? నేను చూశాగా. నా కళ్ళు చాలవా నీకు?"

చాలనుకున్నాను.

ఈ ఏడు లారీ దిగేసరికి నా స్థలంలో సున్నం గీతలు గీసి ఉన్నాయి. అలెగ్జాండ్రియా నుంచి లుత్ఫీ అనే అతను పిల్లలు ఎక్కి ఒకదాన్నొకటి గుద్దించే కరెంటు కార్లు తెచ్చాడు. చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. జనం పోగయ్యారు.

హాజీ కర్ర ఆనించి అడిగాడు. "షహాతా, నీ జంటవాడి మేకు చూపించు."

షహాతా పాత మూలకు నడిచి కాలితో తట్టాడు. మూరెడు తవ్వారు, రెండు మూరలు తవ్వారు. మట్టిబెడ్డలే వచ్చాయి.

"అక్కడ కాదు, ఇటు," అన్నాను.

"నువ్వు మాట్లాడకూడదు మిత్వల్లీ," అన్నాడు హాజీ. "నువ్వు పెట్టిందే ఇది."

"షహాతా, గొట్టం వేస్తారని నువ్వే కదరా జరిపించావు?"

"ఏ గొట్టం ఉస్తా? ఇక్కడ గొట్టమేది?" జనం వైపు తిరిగి నవ్వాడు. "పాపం, నలభై ఏళ్ళు ఊపీ ఊపీ ఈయనకే తల తిరిగింది."

నవ్వినవాళ్ళలో నేను తగవులు తీర్చినవాళ్ళూ ఉన్నారు. అప్పుడు చూశాను షహాతా దుకాణాన్ని. లుత్ఫీ కార్ల నీలం రంగే దానికీ కొత్తగా వేశారు. కార్ల గేటు కోసం గీసిన గీత సరిగ్గా ఆ దుకాణం ముందుకే వచ్చి ఆగింది. కార్లకు వచ్చే ప్రతివాడూ ఇకమీదట దాని ముందునుంచే వెళ్ళాలి.

"ఇక నీ వంతు. షహాతా మేకు చూపించు," అన్నాడు హాజీ.

షహాతా ముఖంలో నెత్తురు లేదు. తెలియదంటే చాలు, అతని చోటూ పోతుంది. తెలియదనాలనే ఉంది నాకు. కానీ పాతికేళ్ళలో నేను మేకు తప్పు చూపింది లేదు. వెళ్ళి కాలితో తట్టాను. మూడు పలుగు పోట్లకే బయటపడింది.

షహాతా దాన్ని చొక్కా చేతికి తుడుచుకుంటూ దగ్గరకొచ్చాడు. "దేవుడు నీకు మేలు చేస్తాడు ఉస్తా."

"నన్ను ఉస్తా అనకు," అన్నాను.

మిగిలిన చోటు మైదానం చివర, కాలువ గట్టు మీద. ఎనిమిది రోజులూ అక్కడే ఊపాను. దారి తప్పినవాళ్ళు వచ్చారు. ఆఖరి రోజు ఊరేగింపు వెళ్ళాక కొత్త మేకూ సుత్తీ పట్టుకుని నిలబడ్డాను. ఒక పక్క కాలువ, ఒక పక్క గాడిదల్ని కట్టే ఖాళీ నేల. ఎవరికి చూపించి పాతను? మేకును లారీలో పడేశాను.

పాత మేకు మాత్రం ఆ కార్ల కిందే ఉంది. పాత మూల నుంచి రెండు గజాలు ఇటు. ఆ సంగతి ఇద్దరికే తెలుసు. చెప్పే హక్కున్నవాడు చెప్పడు.