పాలు పోసే అత్త పాలు మానేసింది

అత్త పోయిందని ఆమె కొడుకు పొద్దున్నే ఫోన్ చేస్తే నేను నమ్మలేదు. "ఏందిరా ఈ పరాచికాలు? మీ అమ్మ పక్కనే కూచుని నవ్వుతా ఉంటది, ఫోన్ ఆమెకియ్యి" అన్నాను. వీధిలో అందర్నీ ఆట పట్టించి బతికినోణ్ణి. ఎవడన్నా నన్ను తిరిగి ఆట పట్టిస్తాడేమోనని ఎప్పుడూ అనుమానమే. అవతల వాడు ముక్కు చీదాడు. అప్పటికీ పొయ్యి మీద పాలు దించి, రోడ్డు దాటి, వాళ్ల గుమ్మంలో నిలబడి కళ్లారా చూసిందాకా నాకు నమ్మకం కుదరలేదు. ముడుచుకుని పడుకున్న మనిషి అట్టానే పోయింది.

సొంత అత్త కాదు. పిడుగురాళ్లలో మా టీ కొట్టుకి ఎదురిల్లు. ఊహ తెలిసిన కాడి నుంచి నేను అత్తా అని పిలిచాను, ఆమె అల్లుడూ అని పిలిచి మరీ తిట్టింది. ఇంటి వెనక పాకలో రెండు గేదెలు. నా కొట్టుకీ, చుట్టుపక్కల ఇళ్లకీ ఆమే పాలు పోసేది. కొడుకు సున్నం బట్టీల లారీ తోలతాడు, ఇంట్లో ఉండేది తక్కువ. ఆ ఇల్లు గడిచింది పాల మీదే.

అత్త చిన్నప్పుడే నీసు మానేసిందంట. కోడికూర వండే ఇంట్లో పుట్టి కోడిగుడ్డు కూడా ముట్టలేదు. దానికెవరూ ఏమీ అనలేదు, పైగా మర్యాదిచ్చారు. ఎవరింట్లో వ్రతమైనా ముందు పిలుపు ఆమెకే. ఆ మనిషే అరవై దాటాక పాలు, పెరుగు, నెయ్యి కూడా మానేసింది. ఇంక చూసుకోండి. మన వైపు నీసు మానేస్తే భక్తి అంటారు. పెరుగు మానేస్తే మాత్రం, ఏదో దాస్తోంది అంటారు.

ముందు కనిపెట్టింది మా ఆవిడ. మా ఇంట్లో వ్రతం భోజనాల్లో పప్పు మీద నెయ్యి వెయ్యబోతే అత్త చెయ్యి అడ్డం పెట్టింది. పెరుగు తెచ్చేసరికి విస్తరి మడిచేసింది.

"ఏం పిన్నీ, నీ పాలు తోడేసిన పెరుగే గదా!" అంది మా ఆవిడ.

"నా పాలే గదమ్మా. అందుకే వద్దు."

ఆ మాట మా ఇల్లు దాటి వీధి చివరికి పోవటానికి ఎంతోసేపు పట్టలేదు. షుగరొచ్చిందన్నారు. కొడుకుతో పంతమన్నారు. ఎవరో స్వామి దగ్గర మంత్రం తీసుకుందన్నారు. మాజీ వార్డు మెంబరు ఒకాయన పదవి పోయినా పెత్తనం పోలేదని రోజూ నా కొట్టు బల్ల మీదే కూచుంటాడు. ఆయన టీ ఊదుకుంటా అన్నాడు: "మన ఊళ్లో తెల్లగా ఉండేవి రెండే. ఒకటి పాలు, ఇంకోటి సున్నం. పాలమ్మే మనిషే పాలు తాగట్లేదంటే, రెండోది ఎంత కలిసిందో మీరే ఆలోచించుకోండి."

అందరూ నవ్వారు. నవ్వినోళ్లే ఇళ్లకెళ్లి గిన్నెలో వేలు ముంచి నాకి చూసుకున్నారు. నేనూ చూసుకున్నాను. బట్టీల దుమ్ములో బతికేవాళ్లం, ఏ వేలు నాకినా కాస్త సున్నం తగులుద్ది. ఇంక అనుమానానికి అడ్డేముంది?

నాది మాత్రం వేరే అనుమానం. ఇదంతా నాటకమని. పల్నాడు ఎండలో చల్ల లేకుండా మనిషి బతకటమేంది? మా ఆవిడ ఫోన్లో చూసి, అట్టాంటోళ్లని వీగన్లు అంటారని చెప్పింది. వెళ్లి అత్తతో అన్నాను, "నువ్వు వీగన్ అయ్యావంటగా."

"అదేం రోగంరా?"

"రోగం కాదు. పెద్దపెద్ద సినిమావాళ్లు చేస్తారంట."

"అయితే నేను కాదులే. వాళ్లకి మానేయడానికి చానా ఉంటాయి."

ఓసారి కొండ మీద ప్రసాదమని చెప్పి చక్కెర పొంగలి దొన్నె పట్టుకెళ్లాను. నెయ్యి కారతా ఉంది. వద్దంటే పాపం, తింటే దొంగ. అదీ నా ఎత్తు. అత్త కళ్లకద్దుకుంది. వాసన చూసింది.

"ముందు నువ్వు తిను."

"నేను తినే వచ్చా."

"మళ్లీ తిను. నువ్వు తెచ్చే ప్రసాదమైతే దేవుడు కూడా రెండుసార్లు చూసుకుని తింటాడు" అని దొన్నె మొత్తం నా చేతే నాకించింది. నేను ఆమెని ఎంత అనుమానించానో, ఆమె నన్ను అంతకు రెట్టింపు అనుమానించింది. నా కొట్టుకొస్తే తన గ్లాసు తానే తెచ్చుకునేది.

ఇంకోసారి రోళ్లు పగిలే ఎండ. వాళ్ల కిటికీలోంచి చూద్దును గదా, అత్త కుండలోంచి తెల్లగా గ్లాసులోకి వంచుకుని, ఉప్పేసుకుని, ఉల్లిపాయ కొరుక్కుంటా తాగుతోంది. "దొరికావు అత్తా!" అని అరిచి, మా ఆవిణ్ణీ ఇరుగుపొరుగునీ కేకేసి సాక్షులుగా నిలబెట్టి, ఆ గ్లాసు లాక్కుని ఒక్క గుక్క వేశాను. చల్ల కాదు, తరవాణి. గంజీ అన్నమూ కుండలో పులియబెట్టిన నీళ్లు. నా పళ్లు జివ్వుమన్నాయి, ఒక కన్ను మూసుకుపోయింది.

"ఏం అల్లుడూ, వెన్న తేలిందా?" అంది అత్త.

వీధి వీధంతా నవ్వింది. నవ్వుకుంటా వెళ్లినోళ్లలో కొందరు మర్నాడు ప్యాకెట్ పాలు కొనుక్కున్నారు. నాకిది ఆటే గానీ అత్తకి కాదు. ఒక్కో ఇల్లే జారిపోయింది. క్యానులో పాలు మిగిలిపోసాగాయి. రెండు గేదెల్లో ఒకదాన్ని అమ్మేస్తే పోద్దని కొడుకు గొడవ. అమ్మితే ఏ సంతకి పోద్దో, ఎవరి చేతిలో పడుద్దో అని అత్త బెంగ.

అప్పుడొక పొద్దున మెంబరు పంచాయితీ పెట్టాడు, నా కొట్టు ముందే. బల్ల మీద గ్లాసు నిండా అత్త పోసిన పాలే పోయించాడు.

"తగువొస్తే గుళ్లో దీపం ఆర్పించి ప్రమాణం చేయించటం మన అలవాటు. అంత దూరం ఎందుకు గానీ, ఈ గ్లాసు తాగెయ్యమ్మా. రేపటి నుంచి అందరికీ నువ్వే పాలు పొయ్యి."

తాగుద్దనే అనుకున్నాను. తాగితే నా అనుమానం గెలుద్ది, ఆమె బేరం నిలబడుద్ది. అయినా ఎందుకో తాగకూడదనే ఉంది నాకు. అత్త గ్లాసు ఎత్తింది. వెలుగుకి పెట్టి చూసింది. మళ్లీ బల్ల మీద పెట్టింది.

"తాగితే నా పాలు మంచియేనని తేలుద్ది మెంబరుగారూ. నా మాట ఉత్తదని కూడా తేలుద్ది. రెండూ ఒక గ్లాసులో పట్టవు" అని కొంగు దులుపుకుని వెళ్లిపోయింది.

"అయిపాయె. ఒప్పుకున్నట్టే" అన్నాడు మెంబరు.

మర్నాడు పొద్దున వీధిలో గేదె గంట మోగింది. అత్త గేదెని తోలుకుని వస్తోంది, వెనకాల దూడ. సరాసరి మెంబరు గుమ్మం ముందు నిలబెట్టి, "గిన్నె తెచ్చుకోండి. ఎవరి గిన్నెలోకి వాళ్ల కళ్లముందే పితుకుతా" అంది. ముందు దూడని వదిలింది. అది పొదుగుని కుమ్మి కుమ్మి తాగుతోంది. మెంబరు గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. ఎంతసేపటికీ అత్త దూడని లాగదే!

"అదంతా తాగేస్తే మాకేం మిగులుద్దమ్మా?"

"ముందు దానిది. మిగిలింది మీది. చాలకపోతే ప్యాకెట్లున్నాయిగా."

తర్వాత పితికింది. మెంబరు గిన్నెలోకి వంగి వంగి చూశాడు. నురగ తప్ప ఏమీ లేదు. ఆ రోజు నుంచి ఇల్లిల్లూ అదే వరస. కొందరు తిరిగొచ్చారు, కొందరు రాలేదు. దూడ వాటా పోను పాలు తగ్గాయి, అత్త రాబడీ తగ్గింది. గేదెని మాత్రం అమ్మలేదు.

చానా రోజులయ్యాక, ఎగతాళి లేకుండా అడిగాను. పాక ముందు గడ్డి విదిలిస్తా చెప్పింది. పాలు మానేసిన ఏడాది ఓ దూడ చచ్చిపోయింది. దూడ లేందే గేదె పాలు చేపదు, పొదుగు బిగబట్టుద్ది. అందుకని కొడుకు, అందరూ చేసేదే, దూడ తోలు ఒలిపించి లోపల గడ్డి కుక్కి కుట్టించి గేదె ముందు నిలబెట్టాడు.

"దాని ఒళ్లంతా నాకిందిరా అల్లుడూ. చెవులు, మూతి, తోక. అట్టా నాకతానే పాలు చేపింది. మోసపోయి ఇచ్చిందాన్ని నేనెట్టా తాగేది?"

"మరి మాకు పోశావే!"

"మీరడిగారు, నాకు గడవాలి. నీ నోటికి నువ్వు జవాబు చెప్పుకో. నా నోటికి నేను చెప్పుకుంటా."

నిజం రాయాలంటే, అప్పుడూ పూర్తిగా నమ్మలేదు. గడ్డి దూడని మా తాత కూడా నిలబెట్టాడు. మా ఇంట్లో ఎవరూ పెరుగు మానలేదు. ఈ ఒక్క మనిషికే ఎందుకు గుచ్చుకుందని ఇంకేదో కారణం కోసం ఏళ్ల తరబడి వెతికాను. దొరకలేదు. అది దొరక్కపోవటమే నన్ను తినేసేది.

ఈలోపు ఆమె చేతి తిండికి మరిగాను. నెయ్యికి బదులు నువ్వుల నూనె పోసి కలిపిన గోంగూర అన్నం ముద్ద చేతిలో పెట్టేది. పాలు లేకుండా అల్లం, మిరియాలు, బెల్లం వేసి డికాషన్ కాయటం నేర్పింది. ఈ రోజు నా కొట్టు ముందు ఆగే లారీల్లో సగం దానికోసమే ఆగుతున్నాయి. "బాగుందిరా అనకు, నువ్వు బాగుందంటే భయమేస్తది" అనేది. "వద్దనేది చిన్నగా అను, తినేది మాత్రం కడుపునిండా తిను" అనేది. తనెప్పుడూ ఎవర్నీ పాలు మానెయ్యమనలేదు. నేను మానలేదు కూడా.

అత్త పోయిన మూడో రోజు చిన్నకర్మ. వాగు ఒడ్డున కాకికి పెట్టాలి. కొడుకు గోంగూర అన్నం ముద్ద ఒక్కటే ఆకులో పెట్టి, "అమ్మ తిననిది నేను పెట్టను" అన్నాడు. పెద్దోళ్లు ఊరుకోలేదు. పెరుగన్నం లేకుండా ఎక్కడన్నా ఉందా, చచ్చినాక కూడా పంతమా అన్నారు. మెంబరు మధ్యలోకొచ్చాడు. "రెండూ పెట్టరా అబ్బాయ్. దేని మీద మనసుందో కాకే చెప్పుద్ది." ఏడ్చి ఏడ్చి ఉన్న పిల్లోడు, ఎంతసేపని వాదిస్తాడు? పెట్టాడు.

అందరం దూరం జరిగి నిలబడ్డాం. కాకి దిగింది. గోంగూర ముద్ద చుట్టూ ఒకసారి తిరిగింది. తిరిగి, సూటిగా పెరుగన్నంలో ముక్కు పెట్టింది.

"చూశారా! ఇన్నాళ్లకి నిజం బయటపడింది" అన్నాడు మెంబరు. ఎవరో కిసుక్కున నవ్వారు. కొడుకు తల దించుకున్నాడు.

ఇన్నేళ్లు నేను కిటికీల్లో తొంగి చూసింది ఇట్టాంటి సాక్ష్యం కోసమే. ఊరి పెద్దల ముందు, పట్టపగలు, దానంతటదే వచ్చి వాలింది. నేను వంగి రాయి తీసుకుని కాకి మీదికి విసిరాను.

"కర్మకాకిని కొడతావా, నీ చేతులు పడిపోను!" అని ఆడవాళ్లు అరిచారు. కొడుకు తలెత్తి నా వంక చూశాడు. ఆకు చెదిరి అన్నం మట్టిలో కలిసింది. కాకి ఎగిరి కరెంటు తీగ మీద కూచుంది. దాని ముక్కుకి పెరుగు అంటుకుని ఉంది. తీగకేసి ఇటు రుద్దింది, అటు రుద్దింది. ఆ తెలుపు పోలేదు. కింద మేమంతా మెడలెత్తి దాన్నే చూస్తున్నాం.