పక్కింట్లో పెద్ద పానా

మా పక్కింటి నీళ్ల మోటారు మెకానిక్‌ని ఊరంతా ‘ఇదిగో బాబాయ్’ అనేది. ఎవరు కబురు పెట్టినా ‘ఇదిగో వస్తున్నా’ అనేవాడు. ఆ ఇదిగో గంట కావచ్చు, మూడు రోజులు కావచ్చు. కానీ వచ్చేవాడు. వస్తూనే మంచినీళ్లడిగి, మీ మోటారు నన్ను తిడుతోందమ్మా, వీధి మలుపు దాకా వినిపిస్తోంది అనేవాడు. అలాంటివాడి మీద ఎంతసేపని విసుక్కుంటారు?

ఆయనకో పద్ధతి ఉండేది. మోటారు విప్పి చూశాక సామాను తేవాల్సివస్తే, తన పనిముట్టు ఒకటి ఆ ఇంట్లో వదిలి వెళ్లేవాడు. నా మీద నమ్మకం లేకపోతే దీని మీద ఉంచండి అనేవాడు. పని పూర్తయ్యాకే దాన్ని పట్టుకెళ్లేవాడు. అలా సగం ఇళ్లలో ఆయనది ఏదో ఒకటి ఉండేది. రిటైరైన మాస్టారు ఆకురాయిని కాగితాలు ఎగరకుండా బరువు పెట్టుకున్నారు. టైలరు భార్య పట్టకారుతో పొయ్యి మీది గిన్నెలు దించేది. మా ఇంట్లో మూరెడు పొడవు పెద్ద పానా వీధి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పడి ఉండేది.

పోవడం కూడా తన ధోరణిలోనే పోయాడు. మిట్టమధ్యాహ్నం, పెరట్లో మంచం మీద. పిన్ని భోజనానికి పిలిస్తే ‘ఇదిగో వస్తున్నా’ అన్నాడట. అరగంటకి మళ్లీ పిలిచిందట. ముప్ఫై ఏళ్ల అలవాటు కదా, మూడోసారి పిలిచేదాకా ఆవిడకి అనుమానమే రాలేదు. ఈ సంగతి చెబుతూ పిన్ని ఏడ్చేది, మధ్యలో నవ్వు ఆపుకోలేకపోయేది.

బాబాయ్ చిన్నకూతురు పదేళ్లుగా తండ్రి పక్కన కూర్చుని మోటార్లు విప్పుతోంది. ఆ పని తానే నడపాలని ఆమె పట్టుదల. పట్నంలో బట్టల కొట్టున్న పెద్దల్లుడు మాత్రం, మరదల్ని కొట్లో కూర్చోబెడతాను, సోమవారం వచ్చి ఇద్దర్నీ తీసుకెళ్తాను అని కబురంపాడు. పిన్ని అటే మొగ్గింది. కూతురు పనిముట్ల పెట్టె తెరిస్తే అందులో ఒక సుత్తి, ఒక మసిగుడ్డ ఉన్నాయి.

“ఈ సుత్తి పెట్టి ఏం చేస్తావే? మోటార్లని బెదిరిస్తావా?” అంది పిన్ని.

సోమవారానికి ఇంకా ఆరు రోజులుంది. కూతురు ముందు మాస్టారింటికి వెళ్లింది. ఆయన ఆకురాయి చేతిలోకి తీసుకున్నారు గాని ఇవ్వలేదు. పనయ్యాక పట్టుకెళ్తానని మీ నాన్న అన్నాడు, అయ్యాకే పట్టుకెళ్లమ్మా అన్నారు. ఆమెకి ఒళ్లు మండింది. నాన్న వస్తువు నాకివ్వడానికి ఈ బేరమేమిటని మా ఇంటికొచ్చి విసుక్కుంది. మర్నాడు సైకిల్ షాపతని దగ్గర రెండు పానాలు అడిగి తెచ్చుకుని మాస్టారి మోటారు ముందు కూర్చుంది. మధ్యాహ్నానికి నీళ్లొచ్చాయి. ఆకురాయి సంచిలో పడింది. ఆ వార్త ఆమెకన్నా ముందే టైలరింటికి చేరింది. శనివారానికి తొమ్మిది మోటార్లు తిరిగాయి, తొమ్మిది పనిముట్లు ఇల్లు చేరాయి. టైలరు భార్య మాత్రం, ఇక చేతులు కాల్చుకోవాలి కాబోలు అని నిష్ఠూరమాడింది.

మిగిలింది మా పెద్ద పానా. ఆదివారం ఆమె వచ్చేసరికి మా అమ్మ తలుపు దగ్గరే పీట వేసుకు కూర్చుంది. మాకేం తొందర లేదులే, మూలుగుతూనే అయినా మోటారు తిరుగుతోందిగా అంది. బాబాయ్ పోయాక ఈ నెల రోజులుగా ఆవిడ ఆ పానాని రోజూ తుడుస్తోందని నాకు తెలుసు.

ఆమె నవ్వి, పానా తీసుకుని పెరట్లోకి నడిచింది. విప్పి చూస్తే బేరింగు అరిగిపోయింది. పట్నం నుంచి తేవాలి. రెండు మూడు రోజులు పడుతుంది. తెల్లవారితే సోమవారం. మసిగుడ్డతో చేతులు తుడుచుకుంది. తర్వాత పానా తెచ్చి తలుపుకి అడ్డంగా, ఎప్పుడూ ఉండే చోటే పెట్టింది.

“ఇదిగో, బేరింగు తెచ్చుకుని వచ్చేస్తా పెద్దమ్మా.”

“మీ నాన్న ఇదిగోనా, నీ ఇదిగోనా?” అంది అమ్మ.

“నాదే. బుధవారం.”

సోమవారం పొద్దున పెద్దల్లుడు వ్యాను మాట్లాడుకుని వచ్చాడు. సామాను ఇంకా సర్దలేదేమని అడగడం గోడ ఇవతలికి వినిపించింది.

“పెద్ద పానా పక్కింట్లో ఉంది బాబూ,” అంది పిన్ని. “పనయ్యేదాకా పిల్ల కదలదు.”

వ్యాను ఖాళీగా వెళ్లింది.

బుధవారం ఆమె రాలేదు. గురువారం సాయంత్రం వచ్చింది. వస్తూనే మంచినీళ్లడిగింది.