నారపల్లి ప్లాట్లల్ల కారు సినిమా

కారుల కూసొని సినిమా సూడుడంటే మొదట్ల నేను నమ్మలే. లాక్‌డౌన్ సడలిచ్చిన కొత్తల ఉప్పల్ల హాళ్లన్నీ మూసే ఉన్నయ్. అప్పుడు నారపల్లి దిక్కు ఒక వెంచరోళ్లు ప్లాట్లు అమ్ముకునేతందుకు ఉపాయం జేసిన్రు. పొలం సదును జేసి, తెల్లరాళ్లు పాతి, ఒక మూలకు ఇంత పెద్ద తెర కట్టిన్రు. ఒక్కో ప్లాట్ల ఒక్కో కారు ఆపుకొని సినిమా సూడుమన్నరు. ఇంటర్వెల్ల టై కట్టుకున్నాయన కారు కారుకూ వచ్చి, "అమ్మా, మీ కారు ఆగిన జాగనే మీ సొంతం జేసుకోండ్రి" అని రంగుల కాయితాలు ఇస్తడు. కొనేటోళ్లు కొంటరు, మాకు సినిమానే కావాలె అని పోయినం.

మొదటినాడు అందరి పరువూ పోయింది. కీసర జాతరకు పోయినట్టే మేమంతా చాపలు తెచ్చుకున్నం. కార్ల ముంగట పరుసుకొని, సర్వపిండి, పులిహోర డబ్బాలు తెరిసి కూసున్నం. తెర మీద బొమ్మ పడ్డది గానీ మాట లేదు. "సౌండ్, సౌండ్" అని జనం ఒక్కటే ఒర్రుడు. ఆఖరికి వెంచరాయన మైకు పట్టుకొని వచ్చి, సౌండు కారు రేడియోల వస్తదని, లోపల కూసోండ్రని బతిలాడిండు. ఆ ముక్క ముందుగాల చెప్తే నోటి ముత్యాలు రాలుతయా? సగం తిన్న పిండి పట్టుకొని కారెక్కిన.

మా ఆయన కారు దిగనే దిగలేదు. ఆయనకు సినిమా అంటేనే పడదు. పెండ్లయిన కొత్తల ఉప్పల్ హాలుకు నాలుగైదుసార్లు తీస్కపోయిండు, తర్వాత పైసలు దండుగ అన్నడు. నేను ఏడ్సిన, అలిగిన, ఊకున్న. ఇప్పుడన్నా వచ్చిండంటే కారు నడిపేది ఆయనే గనుక వచ్చిండు.

రేడియో పెట్టి బటన్ తిప్పిండు. ఇంకా తిప్పిండు. కారు అద్దాలు దడదడలాడినయ్. "ఏందయ్యా, చెవులు పగులుతున్నయ్" అని నేను తగ్గిచ్చిన. మళ్ల పెంచిండు. మళ్ల తగ్గిచ్చిన. అప్పుడు నా చెయ్యి గట్టిగ పట్టుకున్నడు.

"ఉండనియ్యే. గిట్ల పెడితేనే నాకు మాటలు తెలుస్తున్నయ్."

తెర మీద ఎవరో ఏదో జోకేసిండు, ఈయన పకపక నవ్విండు. ఎవరి మొఖమూ సూసి నవ్వలే, మాట వినంగనే నవ్విండు. అంత పెద్దగ నవ్వుతడని నాకు తెల్వనే తెల్వదు. సినిమా ఏమైందో నాకు యాదికి లేదు, నేను ఆయన్నే సూస్కుంట కూసున్న.

ఇంటికొచ్చే తొవ్వల అడిగితే చెప్పిండు. నాచారం కంపెనీల రేకులు వత్తే మిషన్ మీద పని జేసీ జేసీ చెవులు పోయినయట. హాల్ల పక్కోళ్లు నవ్వితే తనూ నవ్వేటోడట. కంపెనీల తెలిస్తే మిషన్ మీదికెళ్లి తీసి గేటు కాడ కూసోబెడ్తరని, అది తనకు సావుతో సమానమని, ఎవరికీ చెప్పలేదట. ఎవరికీ అంటే నాకు గూడ! చెవిటోని ముంగట శంఖం ఊదినట్టే అని ఎన్నిసార్లు తిట్టిన్నో, ఆ మాట గూడ ఆయనకు వినపడలేదన్నట్టు. ఒక్క మంచం మీద పండుకునే మనిషి ఇంత సంగతి కడుపుల పెట్టుకుంటడా? నాకు మస్తు కోపం వచ్చింది.

గా తర్వాత వారం వారం పోయినం. మంచి సినిమా, చెత్త సినిమా అని లేదు, ఏది పడితే అది. వచ్చేటప్పుడు "ఆ పిల్ల తండ్రిని గంత మాట అన్నదా?" అని అడిగేటోడు. మా ఇద్దరికి మాట్లాడుకునేతందుకు ఒక సంగతి దొరికింది. జనం గూడ మస్తు వచ్చేటోళ్లు. ఉప్పల్ నుంచి, నాచారం నుంచి, రైల్వేల పనిజేసేటోళ్లు, లాబుల సైంటిస్టులు, అందరూ. జాగ దొరకక రోడ్డు మీద కార్లు ఆపుకునేటోళ్లు.

కానీ ప్లాట్లు అమ్ముడువోతున్నయ్ గద. ఒక వారం పోతే మేము ఆపే కాడ కంచె ఉన్నది. ఇంకో వారం పక్కన గోడ లేసింది. ఒకాయన తెరకు అడ్డంగ పిల్లర్లు లేపిండు. హాళ్లు తెరిసిన్రు, సగం జనం అటు పోయిన్రు. ఒకనాడు పోయి సూస్తే తెరనే లేదు. తెర ఉన్న కాడ బోరు బండి దుమ్ము లేపుతున్నది. మూల ప్లాటు, ఈశాన్యం, మంచి బేరం వచ్చిందని వాచ్‌మన్ చెప్పిండు.

మా ఆయన స్టీరింగు పట్టుకొని అట్లనే బిత్తరపోయి సూసిండు. ఆనాడు ఇంట్ల అన్నం ముట్టలే. చెవులకు మిషన్ పెట్టుకోమని బతిలాడిన, తిట్టిన. "అది పెట్టుకుంటే కంపెనీల చెప్పినట్టే" అని మొఖం తిప్పుకున్నడు. మళ్ల ఇంట్ల మాటలు బందైనయ్. సైగలు, అరుపులు, అంతే.

మొన్న ఉప్పల్ల కూరగాయలకు పోయినం. ఆయన రోడ్డు పక్కన కారుల కూసున్నడు, నేను లోపలికి పోయిన. ఎన్నడూ నా ఫోన్ ఎత్తడు, అయినా అలవాటు కొద్ది కొట్టిన. ఎత్తిండు. ఫోన్ మాట కారు స్పీకర్లల్ల, సినిమా లెక్కనే గట్టిగ వస్తదని అప్పటిదాంక మా ఇద్దరికీ తెల్వదు. చుట్టూ జనం ఉన్నరని నేను మెల్లగనే అడిగిన, "అనపకాయ తేవాల్నా, దొండకాయ తేవాల్నా?"

"వినపడుతలేదా?" అని ఒర్రిన.

"అరవకు" అన్నడు. "ముందుగాల అన్నట్టే అను. నీకు గింత మెల్లగ మాట్లాడొస్తదా?"

సంచి పట్టుకొని అక్కడనే నిలబడిపోయిన. వెనకాల ఎవరో జరుగమ్మా అంటున్నరు. ముంగట బండి మీద ఉన్న కూరగాయల పేర్లు ఒక్కొక్కటే మెల్లగ చెప్పుకుంట పోయిన.