నేను దిగని రేవు

దయ్యాల మాటెత్తితే మా ఇంట్లో అందరికంటే ముందు నవ్వేది నేనే. తెనాలిలో పాతికేళ్ళు పిల్లలకు సైన్సు చెప్పాను. గాలి సోకింది, దిష్టి తగిలింది అంటూ ఎవరైనా వస్తే చిన్న పాఠం చెప్పి పంపేదాన్ని. ఇప్పటికీ దయ్యాలున్నాయని నేననను. జరిగింది మాత్రం రాస్తాను. ఇందులో నా తప్పు ఒకటుంది. అది దాచి చెబితే మిగతాదంతా అబద్ధమే అవుతుంది.

రెండువేల సంవత్సరం దాటాక మూడు నాలుగేళ్ళ నాటి మాట. మా అత్తయ్యకు కళ్ళలో నీటికాసులు, అదే గ్లకోమా. పోయిన చూపు ఎలాగూ రాదు, ఉన్నది కూడా కొన్ని నెలలే అన్నారు డాక్టరుగారు. అప్పటికే ఆవిడకు చుట్టూ నలుపు. మధ్యలో మాత్రం గొట్టంలోంచి చూసినట్టు కాస్త కనిపించేది. కంచంలో కూర ఎటుందో, పచ్చడి ఎటుందో మేం చెప్పాల్సి వచ్చేది.

 డాక్టరుగారి మాట విన్న నాలుగో రోజు కాఫీ తాగుతూ నన్ను అడిగారు.

"సుజాతా, చూపుండగానే నాకు నీళ్ళు చూపిస్తావా? చేబ్రోలు, సూర్యలంక, పెనుమూడి రేవు. ఇంకేం అడగనులే."

చేబ్రోలులో నీళ్ళ నడుమ ఉన్న బ్రహ్మ గుడంటే ఆవిడకు ఇష్టం. సూర్యలంక సముద్రం సరే, అందరికీ ఇష్టమే. అసలు కోరిక పెనుమూడి. ఆవిడ పుట్టిల్లు కృష్ణకు అవతల, దివిసీమలో. పెళ్ళయ్యాక బల్లకట్టు ఎక్కి ఏరు దాటి, ఆ రేవులోనే ఇటు అడుగుపెట్టారు. అవతల ఇప్పుడు తనవాళ్ళెవరూ లేరు. ఆ ఒడ్డు ఒక్కసారి కళ్ళారా చూస్తే చాలన్నారు.

మా వారికి సెలవు దొరకలేదు. నేను కారు నేర్చుకుని ఆరు నెలలైంది. సెకండ్ హ్యాండ్ మారుతి ఒకటి ఇంటి ముందుంది. దసరా సెలవుల్లో ఒక రోజు పొద్దున్నే ఇద్దరం బయల్దేరాం.

నా సంగతి కూడా చెప్పాలి. నాకు కాలు ఒకచోట నిలవదు. గుడికి వెళితే ధ్యాస చెప్పుల మీద, పెళ్ళికి వెళితే తిరుగు బస్సు మీద. అలాంటిదాన్ని, ఒక్కో చోట అరగంట నిలబడి చూసే మనిషిని వెంటబెట్టుకున్నాను.

చేబ్రోలులోనే మొదలైంది. ఆవిడ ఏదైనా చూడాలంటే తల కొంచెం కొంచెం తిప్పుతూ వెతుక్కోవాలి. "శిఖరం ఎక్కడమ్మా? కుడివైపా?" అని అడిగేవారు. "అదిగో, అక్కడే" అనేదాన్ని. 'అక్కడ' అంటే ఆవిడకు ఏం తెలుస్తుంది? తెలిసే అన్నాను. పొన్నూరులో టిఫిన్ చేశాం. బాపట్లలో భావన్నారాయణస్వామి గుడికి తీసుకెళ్ళాను. అక్కడ రాతి స్తంభాలను చూడ్డం మానేసి చేత్తో తడుముతూ నిలబడ్డారు. నేను గడియారం చూసుకుంటూ నిలబడ్డాను.

సూర్యలంకలో ఎండ మాడ్చేసింది. తిరిగి ఎక్కేటప్పుడు తొందరలో కారు తలుపు నా ఎడమ బొటనవేలి మీదే వేసుకున్నాను. గోరు కింద నల్లగా రక్తం కమ్మింది. రుమాలు చించి కట్టుకున్నాను. ఆ పోటుకు నాలో ఉన్న కాస్త ఓపికా పోయింది.

బాపట్లలో భోంచేసి చెరుకుపల్లి మీదుగా రేపల్లె దారి పట్టాం. రోడ్డంతా గుంతలే. గుంతకొకసారి వేలు సలిపింది. రేపల్లె ఇంకా రాకముందే నాలుగు దాటింది. పెనుమూడి దాకా వెళ్ళి, ఆవిడ తనివితీరా చూసి, మళ్ళీ తెనాలి చేరేసరికి ఏ వేళవుతుందో అనుకున్నాను. చీకట్లో బండి నడపడం భయమని నాకు నేనే సాకు చెప్పుకున్నాను. భయం కాదు, విసుగు.

రోడ్డు పక్కనే పెద్ద కాలవ నిండుగా పారుతోంది. ఒకచోట మెట్లు కనిపించాయి. కారు ఆపాను.

"వచ్చేశామా?"

"వచ్చాం అత్తయ్యగారూ. ఇదే రేవు."

కాలవలో పారేదీ కృష్ణ నీళ్ళే కదా అని సమాధానపడ్డాను. ఆవిడను చెయ్యి పట్టి దించి, పై నుంచి మూడో మెట్టు మీద కూర్చోబెట్టాను. "చూస్తూ ఉండండి, వేలు నొప్పిగా ఉంది, కారులో కూర్చుంటాను" అని వచ్చేశాను. కారు అక్కడికి ఇరవై అడుగులుంటుంది. బాపట్లలో కొన్న పల్లీల పొట్లం విప్పాను. నాలుగున్నర నుంచి ఐదుకు పది నిమిషాల ముందు దాకా అక్కడే ఉన్నాం. ఆవిడ వీపు, నెరిసిన ముడి నాకు కనిపిస్తూనే ఉన్నాయి. ఆ దారిన గేదెలు తోలుకుంటూ ఒకాయన వెళ్ళాడు. మెట్ల దగ్గరకు ఎవరూ రాలేదు.

వెళ్ళి లేపితే ఆవిడ ముఖం వెలిగిపోతోంది. కారెక్కాక అన్నారు.

"వంతెన స్తంభాలు ఏటి మధ్యదాకా లేపారే. అది అయిపోతే ఇంక బల్లకట్టు ఉండదు కాబోలు. ఆ కొత్త కాపురం పిల్ల, చుట్టిన పరుపు మీద ఎంత బుద్ధిగా కూర్చుందో చూశావా? నేనూ అట్టాగే వచ్చా. బీరువా ఏట్లో పడేదే, నువ్వు కేకేశావు గాబట్టి పట్టుకున్నారు. నువ్వు అంత ఓపిగ్గా చెప్పకపోతే నాకేం కనపడేదమ్మా."

నాకు ఒళ్ళు మండింది. మోసం కనిపెట్టి, దెప్పుతున్నారనుకున్నాను. తెనాలి దాకా రోడ్డు మీదే చూపు పెట్టి నడిపాను. ఆవిడ మాత్రం నా భుజం మీద చెయ్యి వేసి నిద్రపోయారు. దెప్పేవాళ్ళు అలా నిద్రపోరు. అది గుర్తొచ్చి ఆ వేళ నుంచీ నాకు స్థిమితం లేదు.

మా వారితో నిజం చెప్పాను. "చూపు తగ్గేకొద్దీ మనసు బొమ్మలు కట్టుకుంటుంది, నీకు తెలియందా" అన్నారు. సైన్సు టీచర్ని, ఒప్పుకున్నాను.

రెండు నెలలకు అత్తయ్య చూపు పూర్తిగా పోయింది. పలకరించడానికి వచ్చినవాళ్ళందరికీ ఆవిడ చెప్పేది ఒకటే. "నాకేం దిగుల్లేదండి. మా కోడలు దగ్గరుండి మా ఒడ్డు చూపించింది." నేను వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. ఆవిడ చూపుకు మిగిలిన ఆఖరి ఏరును పల్లీల కోసం, వేలినొప్పి కోసం కాజేశానని నాకు తెలుసు.

తట్టుకోలేక మాఘమాసంలో ఒక ఆదివారం రైల్లో రేపల్లె వెళ్ళి, ఆటోలో పెనుమూడి చేరాను. పుట్టి బుద్ధెరిగాక ఆ రేవుకు వెళ్ళడం అదే మొదలు. పొద్దున పదకొండు. వంతెన స్తంభాలు నీళ్ళలో నిలబడి ఉన్నాయి. అవతలి ఒడ్డు సన్నగా కనిపిస్తోంది. స్తంభాల సంగతి పేపర్లో చదివి ఎవరైనా ఆవిడకు చెప్పి ఉండవచ్చు అనుకుంటూ, టీ బంకు దగ్గర కూర్చున్నాను.

బంకు నడిపే ఆవిడకు యాభై ఏళ్ళుంటాయి. గ్లాసు అందిస్తూ నా చేతికేసి చూసింది.

"వేలు తగ్గిందా అండీ?"

ఎవరనుకుంటున్నారని అడిగాను.

"దసరాల్లో వచ్చారు గదండీ, చూపు ఆనని పెద్దావిడతో. వేలికి రుమాలు కట్టుకున్నారు. కొత్త కాపురం సామాను దిగిన రోజండి. బీరువా జారిపోతంటే మీరే గదా కేకేసింది."

గ్లాసు పక్కన పెట్టేశాను. ఆవిడే చెప్పుకుపోయింది.

"ఆవిడ గెడ్డం పట్టుకుని తల ఇటు తిప్పి, అటు తిప్పి, ఒక్కోటీ చూపించారు. కళ్ళు తుడుచుకుంటానే చెప్పారండి. కూతురేమో అనుకున్నా. కోడలంటగా."

పొద్దు వాలే ముందు, నాలుగున్నర, ఐదు మధ్య అంది. కారు మాత్రం తను చూడలేదంది.

ఎన్నో విధాల ఆలోచించాను. ఇంకో కోడలు, ఇంకో అత్తగారు అయ్యుండవచ్చు. అదే రోజు ఆమె వేలికీ దెబ్బ తగిలి ఉండవచ్చు. మా అత్తయ్య చెప్పిన బీరువా, ఆ పిల్ల, పరుపు కూడా కాకతాళీయమే కావచ్చు. పిల్లలెవరైనా పరీక్షలో ఇలాంటి జవాబు రాస్తే నేను మార్కులు వెయ్యను.

అత్తయ్య ఆ తర్వాత ఆరేళ్ళు బతికారు. ఒకరోజు తల దువ్వుతూ నిజం చెప్పబోయాను. "అత్తయ్యగారూ, ఆ రోజు రేవులో..." అన్నానో లేదో, ఆవిడ నా చెయ్యి వెతికి పట్టుకున్నారు.

"ఎందుకే అంత ఏడ్చావు ఆ రోజు? నాకే దిగులు లేకపోతే."

నేను ఆ రోజు ఏడవలేదు. కారులో కూర్చుని పల్లీలు తింటున్నాను. ఆవిడ పక్కన కూర్చుని ఏడ్చిన మనిషి ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. పోయేదాకా అత్తయ్య నన్ను ప్రేమగా చూసుకున్నది మాత్రం ఆ మనిషిని చూసే.