బండి ముక్కుకి కట్టిన ఓణీ

ఆ రోజుల్లో మిరపకాయల కాలం వచ్చిందంటే మా ప్రత్తిపాడు వైపు మనుషులంతా ముక్కుకి గుడ్డ కట్టుకుని తిరిగేవాళ్ళు. కల్లాల్లో కాయ ఆరుతుంటే వీధుల్లో పలకరింపుల కంటే తుమ్ములే ఎక్కువ వినిపించేవి. ట్రాక్టర్లు కూడా గాలి పీల్చే గొట్టానికి ఓ పల్చటి పాత పంచె ముక్క కట్టించుకుని బుద్ధిగా పనికి పోయేవి. ఇప్పుడు ఆ ఘాటు కోసం కూడా మొహం వాచిపోయి ఉన్నాను. (ఈ మాట మా ఆవిడ వింటే వంటింట్లో ఎండుమిర్చి మాడ్చి మరీ తీరుస్తుంది ఆ ముచ్చట.)

నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. మెకానికల్ డిప్లొమా చేతికొచ్చి గుంటూరులో ఒక షెడ్డులో కొత్తగా చేరాను. మా మేనమామ నా మాట నమ్మి ఓ పాత టర్బో డీజిల్ కారు కొన్నాడు. దాని బాగోగులన్నీ నావే. ఆ వంకతో వారానికోసారి వాళ్ళింటికి వెళ్ళేవాణ్ణి. అసలు సంగతేమిటంటే మామయ్య కూతురు, నా మరదలు. తనకి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. చేరగానే బయటి సంబంధాలు చూస్తామని అత్తయ్య ఊరంతా చెప్పేసింది. అంటే తను బస్సెక్కేలోగా నేను అడగాల్సిన మాట ఒకటుంది, నన్ను చేసుకుంటావా అని. మూడేళ్ళుగా ఆ మాట గొంతు దాకా వచ్చేది, తీరా నోరు తెరిస్తే ఇంజన్ ఆయిల్ సంగతి బయటపడేది.

తను బయల్దేరే రోజు మధ్యాహ్నానికి మబ్బు పట్టింది. మామయ్యకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. "ఒరేయ్ అల్లుడూ, కాయ తడిస్తే కొంప మునుగుద్ది. వీళ్ళిద్దర్నీ నువ్వే గుంటూరులో బస్సెక్కించి రా!" అని కల్లంలోకి పరిగెత్తాడు. మరదల్ని దింపి రావడానికి హైదరాబాదు దాకా వెళుతున్న అత్తయ్య వెనక సీట్లో కూర్చుని ఊరు దాటకముందే నిద్రపోయింది. మరదలు ముందు సీట్లో, నా పక్కన. (ఆ సీటుని ముందురోజు సబ్బు పెట్టి రెండుసార్లు కడిగాను.)

బండి కదిలింది గానీ లాగదే! కాలు నేలకి ఆనేదాకా తొక్కినా ఇరవై దాటలేదు. వెనక నల్లటి పొగ. పత్తి బోరాల ట్రాక్టరొకటి మమ్మల్ని దాటిపోతుంటే దాని డ్రైవరు "ఏరా, తొయ్యమంటావా?" అని అరిచాడు. నేను డీజిల్ కల్తీ అన్నాను, పంపు పోయిందన్నాను. "మొన్న నాన్నతో ఇది గుర్రంలా పరిగెడుద్దన్నావు గదా బావా?" అంది మరదలు.

పరువు పోయి పక్కన ఆపి బానెట్ ఎత్తాను. గాలి పీల్చే గొట్టం మూతికి మరదలి నెమలికంఠం రంగు ఓణీ ముక్క, రెండు మడతలు వేసి, పురికొసతో బిగించి కట్టి ఉంది. దాని నిండా మిరప దుమ్ము, దూది పోగులు. కిందటి వారం "ఈ బండికి ముక్కే ప్రాణం, దుమ్ము పోనివ్వకూడదు" అని నేనే తనకి పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. పాపం, తను ట్రాక్టరుకి కట్టినట్టే దీనికీ కట్టింది.

గుడ్డ విప్పాను. ఇక గుంటూరు ఎంతసేపు, పావుగంట. బస్సుకేమో ఇంకా గంట పైనే టైముంది. తను నా పక్కన కూర్చునేది ఆ పావుగంటేనని తట్టింది. ఓణీని మళ్ళీ గొట్టానికి కట్టేశాను. (మెకానిక్‌గా నేను తెలిసి చేసిన ద్రోహం ఇదొక్కటే.)

అలా గంట సంపాదించాను. ఆ గంటని ఏం చేశానో చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. "అసలెందుకు లాగట్లేదు బావా?" అని తనడిగింది. ఇంకేం, మొదలుపెట్టాను. "పొగ బయటికిపోయే జోరుకి ఓ చక్రం తిరుగుద్ది. దాని జత చక్రం బయటి గాలిని లాగి ఇంజన్లోకి తోస్తది. ఎంత గాలి పోతే అంత డీజిల్ కాలుద్ది, అంత బలం. మూతి దగ్గరే గాలి అందకపోతే చక్రం ఎంత తిరిగినా తొయ్యడానికేముంటది? సరిగా కాలని డీజిలే ఆ నల్ల పొగ."

"అంటే లోపల బలం ఉండి కూడా బయటికి రాదన్నమాట" అంది.

"అదే మరి!" అన్నాను ఉత్సాహంగా. తను కాసేపు నా మొహంలోకే చూసింది. నేను గేరు మార్చాను.

బస్టాండులో అత్తయ్య సామాన్లు సర్దుకుంటుంటే తను బస్సు కిటికీలోంచి మెల్లగా అంది, "బావా, ఆ గుడ్డ ఇంక తీసెయ్. నువ్వు మళ్ళీ కట్టడం బానెట్ సందులోంచి చూశాను." నేను చేతులకి లేని గ్రీజు తుడుచుకున్నాను. "ఎందుకు కట్టావో చెప్తావేమోనని దారంతా చూశా" అంది. బస్సు కదిలింది.

గుడ్డ తీసేసి తిరిగొచ్చాను. కారు నిజంగానే గుర్రంలా పరిగెత్తింది. అంత తొందరగా ఊరు చేరి నేను చేసేదేమీ లేదు. మరుసటి ఏడు తన పెళ్ళికి చుట్టాల్ని మండపానికి చేర్చింది ఆ కారే, నడిపింది నేనే. ఆ రోజు ఒక్కసారి కూడా మొరాయించలేదు.

ఇప్పుడు నాకూ ఓ షెడ్డుంది. బండి లాగట్లేదని ఎవరొచ్చినా ముందు గాలి గొట్టం మూతి చూస్తాను. అక్కడ ఏ ఓణీ ఉండదు, తెలుసు, అయినా చెయ్యి అక్కడికే పోతుంది. "ఎందుకండీ లాగట్లేదు?" అని వాళ్ళడిగితే అవే రెండు చక్రాల సంగతి మొదటి నుంచీ మొదలుపెడతాను. వీడింకా ఆ గంటలోనే ఉన్నాడు, పాపం, అని నా మీద నాకే నవ్వొస్తుంది.