మూడు సున్నాలు

ఒకప్పటి స్టాటిస్టిక్స్ లెక్చరర్ వీర్రాజుగారు ప్రతి మంగళవారం మఫ్లర్ చుట్టుకుని, ట్రైనెక్కి, కాల్గరీలోని ఓ చిన్న ఆటల మ్యూజియానికి వెళ్లి పాత ఆటగాళ్ల కార్డులు సరిచూస్తారు. ఏ అంకెనైనా చూపుడువేలితో తడిమితే గాని నమ్మరు. ఈ వారం ఆ వేలు హెన్రీ డోబెక్ కార్డు మీద ఆగిపోయింది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి చంకన పెట్టుకుని పరిగెత్తే ఆటగాడతను. రెండేళ్లు ఆడాడు, మూడేళ్లు ప్రపంచయుద్ధంలో ఉన్నాడు, తిరిగొచ్చి కుంటుతూనే మరో ఏడాది ఆడాడు. యుద్ధానికి పోయిన ఆ మూడేళ్లకీ కార్డులో సున్నా, సున్నా, సున్నా! దాంతో అతని ఏడాది సగటు సగానికి సగం పడిపోయింది.

"ఎవరమ్మా ఈ సున్నాలు పెట్టింది?"

"నేనే అంకుల్. ఖాళీగా వదిలేస్తే సిస్టమ్ యాక్సెప్ట్ చేయట్లేదు," అంది మేనేజరు ధాత్రి.

"మైదానంలో దిగి చతికిలపడ్డవాడికి సున్నా. అసలు మైదానంలోనే లేనివాడికి సున్నా ఏంటి? బుల్లెట్ల మధ్య పరిగెత్తాడమ్మా వాడు!"

ఆయన వేలు ఇంకా ఆ సున్నాల మీదే ఉంది. ముప్పయ్యేళ్ల కిందట ఇదే కాల్గరీలో, అప్పటికే గుంటూరులో పద్దెనిమిదేళ్లు పాఠాలు చెప్పొచ్చిన ఆయన ఉద్యోగం అప్లికేషన్‌లో, 'కెనడియన్ ఎక్స్‌పీరియన్స్', అంటే కెనడాలో పనిచేసిన అనుభవం, అన్నచోట ఒక ఆఫీసరు గుండ్రంగా సున్నా చుట్టాడు. ఆ రోజు వీర్రాజుగారు "థాంక్యూ సర్" అని లేచి వచ్చేశారు.

ఇవాళ మాత్రం కుర్చీలోంచి కదల్లేదు.